అద్దాలక్కయ్య ముక్కు

ఆవిడ టీకొట్టు పెట్టి చాలా ఏళ్ళే అయింది. అయినా మా వీధిలో ఎవరూ ఆవిణ్ణి టీ ఆవిడ అనరు. అద్దాలక్కయ్య అనే అంటారు. ఎందుకంటే అంతకుముందు ఇదే వీధి చివర ఉండే కళ్ళజోళ్ళ దుకాణంలో ఆవిడ సగం జీవితం గడిపింది. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, "ముందుదా, ఇప్పటిదా? ఏది బాగా కనిపిస్తోంది?" అని అడగడం ఆవిడ పని. మా వీధిలో నలభై దాటిన ప్రతి ముక్కూ ఆవిడకి తెలిసినదే.

టీ పిచ్చి పట్టింది కూడా ఆ దుకాణంలోనే. ఓడల మీద వంట చేసి రిటైరైన పెద్దాయనొకడు, కళ్ళజోడు చక్కగా కుదిరిందన్న సంతోషంతో ఆవిడకి ఒక చిన్న రేకు డబ్బా ఇచ్చి వెళ్ళాడు. లోపల నల్లటి ఆకు. ఇంటికి తీసుకెళ్ళి అలవాటు ప్రకారం పాలూ పంచదారా పోసి మరిగిస్తే, మొగుడు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "గిన్నె మాడినట్టుందే" అన్నాడు. మర్నాడు దుకాణంలో ఆవిడ ఆ ఆకు మీద ఉత్త వేడినీళ్ళు పోసుకుని తాగి చూసింది. చలిమంట ఆరిన మర్నాడు పొద్దున్నే ఆ చోటికి వెళ్ళి నిలబడితే ఒక వాసన వస్తుంది చూడండి, అదే వాసన ఆ గ్లాసులోంచి వచ్చింది. ఆకుని పొగబెట్టి ఆరబెడతారని ఆవిడకి అప్పుడు తెలియదు. ఎవరికీ చెప్పకుండా ఆ డబ్బా అంతా ఒక్కతే తాగేసింది.

తర్వాత టీ ఏజెంటు పరిచయమయ్యాడు. దూరం దగ్గర రెండూ కనిపించే అద్దాల కోసం వచ్చిన ఆయన, ఆవిడ ఆసక్తి చూసి, తన సంచీలో ఉండే శాంపిల్ పొట్లాలు విప్పి చూపించడం మొదలుపెట్టాడు. తెల్ల టీ, పచ్చ టీ, సగం పులియబెట్టిన ఊలాంగ్, మల్లెపూల మధ్య పడుకోబెట్టి వాసన పట్టించిన మల్లె టీ. ఆవిడ ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేది. ఆయన ఆవిణ్ణి అమ్మా అనేవాడు. కళ్ళజోళ్ళ దుకాణం మూతబడి ఫోన్ల దుకాణం అయ్యాక, "ఇంకెక్కడో పనికెందుకమ్మా, నీ ముక్కుని నమ్ముకుని కొట్టు పెట్టుకో" అన్నది కూడా ఆయనే.

అలా లాండ్రీకీ గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఉన్న సన్నటి గదిలో ఆవిడ టీకొట్టు వెలిసింది. మూడు బల్లలు, గోడ పొడుగునా రేకు డబ్బాలు, కిటికీ పక్కన నీళ్ళు కాచే పాత్ర. "ఆకు నీళ్ళకి ఇంత హంగామానా!" అని మొగుడు వేళాకోళం చేసేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో పాలటీ తప్ప ఇంకేదీ ముట్టడు. ఆవిడ పట్టించుకునేది కాదు. డబ్బా మూత కాస్త ఎత్తి, కళ్ళు మూసుకుని, ఇది ఏ ఆకో, ఈ ఏటిదో పోయినేటిదో చెప్పేసేది. అది ఆవిడ గర్వం. దాన్ని ఎవరితోనూ చెప్పుకునేది కాదు గానీ, ఉందని మాత్రం ఆవిడకి బాగా తెలుసు.

ఆ ముక్కుకే ఒక ఏడాది చలికాలంలో పడిశం పట్టింది. పడిశం జ్వరంలోకి దిగింది. ఆవిడ మంచమెక్కితే కొట్టు తోడికోడలు చూసుకుంది. ఈ తోడికోడలు మొగుడి తమ్ముడి భార్య. చలాకీ మనిషి. టీ గురించి ఏమీ తెలియదు, తెలియదన్న బాధ కూడా లేదు.

జ్వరం తగ్గి కొట్టుకి వచ్చిన రోజు ఆవిడ మొట్టమొదట పొగ టీ డబ్బా మూత తీసింది. ఏమీ లేదు. ఖాళీ డబ్బా మూత తీసినట్టుంది. ఆకు చూస్తే నిండుగా ఉంది. ఇంకో డబ్బా తీసింది. అదీ అంతే. మల్లె టీ తీసింది. కాయితం ముక్కలు పోసినట్టు.

"ఏమే, డబ్బాలేం చేశావ్?" అంది.

తోడికోడలు కప్పులు తుడుస్తోంది. "ఏం చెయ్యలేదక్కా. ఏమైంది?"

"ఇది పొగ టీ కాదు. ఎక్కడి ఆకు ఎక్కడ పోశావో ఏమో. లేదా మూతలు పెట్టకుండా వదిలేసుంటావు. అంతా ఎగిరిపోయింది."

"నీ మీద ఒట్టు, ఒక్క డబ్బా కూడా పక్కకి జరపలేదు."

"మరి ఇదేమిటి? ఇలా వచ్చి చూడు."

తోడికోడలు వచ్చి వంగింది. వెంటనే తల వెనక్కి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. "అమ్మో, మూత పెట్టెయ్యి అక్కా. కట్టెల పొయ్యి ఊదినట్టుంది."

అద్దాలక్కయ్య డబ్బా వైపూ తోడికోడలి వైపూ మార్చి మార్చి చూసింది. తనని ఆటపట్టిస్తోందేమో అనుకుంది. కానీ దాని కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. వెనక నీళ్ళగదిలోకి వెళ్ళి, నేల కడిగే ఫినాయిల్ సీసా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది. "నీళ్ళు" అంది పైకే.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత గుర్తొచ్చి, పాపం దాన్ని అనవసరంగా అన్నానే అని ముందు సిగ్గుపడిందట. భయం ఆ తర్వాత వేసిందట. ఈ సంగతంతా ఆవిడే నాకు చెప్పింది, చాలా రోజుల తర్వాత.

భయపడినా బయటపడలేదు. వాసన తెలియని మనిషి టీకొట్టు నడుపుతోందంటే నలుగురూ ముక్కున వేలేసుకోరూ? తేలు కుట్టిన దొంగలా గప్‌చుప్‌గా ఉండిపోయింది. ఒక థర్మామీటరు కొంది. ఇసుక గడియారం కొంది. ఏ ఆకుకి ఎంత వేడి నీళ్ళు, ఎంతసేపు నానాలి అన్నది ఆవిడకి కంఠతా వచ్చు. తెల్లకప్పులో పోసి రంగు చూసేది. నాలుక మీద వేడి తెలిసేది, చేదు తెలిసేది, వగరు తెలిసేది. అంతవరకే. ఆ పైన ఉండవలసింది లేదు.

ఇక ఇప్పుడో అప్పుడో ఎవరో ఒకరు "ఇదేమిటండీ ఇలా ఉంది" అంటారని ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. పక్క కొట్టు గడియారాలాయన రోజూ వచ్చి ఊలాంగ్ తాగేవాడు. ఒకరోజు ఆయన కప్పు కింద పెట్టి, "జ్వరం తగ్గాక మీ చెయ్యి బాగా తిరిగిందమ్మా" అన్నాడు.

"ఏం బాగుంది?" అంది ఆవిడ గబుక్కున.

"అంటే... వాసన. చాలా బాగుంది."

ఆవిడకి మతిపోయినట్టయింది. ముక్కుతో చేసినప్పుడు ఎవరూ ఇంత మాటనలేదు. ముక్కు పోయాక చెయ్యి తిరిగిందంటున్నారు. మరి ఇన్నాళ్ళూ ఈ ముక్కు చేసిన పనేమిటి? మర్నాడు కావాలనే, చిట్టచివరి అరలో పారెయ్యడానికి పెట్టిన పోయినేటి ఊలాంగ్ తీసి గడియారాలాయనకి ఇచ్చింది. ఆయన ఆఖరి చుక్క దాకా తాగి, "ఇవాళ నిన్నటికంటే బాగుంది" అన్నాడు. ఆయన మర్యాద కోసం అంటున్నాడా, నిజంగానే అంటున్నాడా, లేక ఆ పాత ఆకే బాగుందా? మూడూ సాధ్యమే. ఏది నిజమో తేల్చుకోవడానికి ఉన్న ఒక్క సాధనమూ పనిచెయ్యడం లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ చిన్న గదిలోనే గిరగిరా తిరిగింది.

ఇంట్లో సంగతి ఇంకో రకంగా నడిచింది. కూర మాడితే ఆవిడకి తెలియడం లేదు. పాలు విరిగితే తెలియడం లేదు. రుచి అందక ఉప్పు ఒక రోజు దండిగా, ఒక రోజు బొత్తిగా లేకుండా పడుతోంది. మొగుడు ఒక్క మాట కూడా అనకుండా తినేసి లేచిపోయేవాడు. ఆయనకీ ఏమీ తెలియడం లేదో, తెలిసే ఊరుకుంటున్నాడో ఆవిడకి అర్థం కాలేదు. అడిగితే తన గుట్టు బయటపడుతుంది. అడక్కపోతే బుర్ర తొలిచేస్తోంది.

ఒక సాయంత్రం ఆయన రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపాడు.

"చూడూ, నేనేం తప్పు చేశానో చెప్పేస్తే, అదే చేశానని ఒప్పేసుకుంటాను. ఈ మాడు కూర ఇంక నా వల్ల కాదు."

"తప్పేమిటి? ఎవరన్నారు?"

"అనక్కర్లేదు, తింటున్నాను కదా. మీ తమ్ముడు ఇల్లు మారినప్పుడు సాయానికి రాలేదనా?"

"కాదండీ."

"నీ టీని నలుగురిలో ఆకు నీళ్ళు అన్నాననా? అది సరదాకన్నాను."

"అబ్బే, కాదు."

"అయితే తెలిసిపోయిందన్నమాట." ఆయన తల వంచుకున్నాడు. "సరే, మీ అమ్మ ఇచ్చిన పింగాణీ కుండీ పిల్లి పడెయ్యలేదు. నేనే. నిచ్చెన తిప్పుతుంటే తగిలింది."

"కుండీ మీరు పగలగొట్టారా!"

"అంటే... నీకు తెలీదా?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుస్తూనే అంతా చెప్పేసింది. జ్వరం, డబ్బాలు, ఫినాయిల్, ఇసుక గడియారం, అన్నీ. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు.

"అయితే నా మీద కోపమే లేదా?"

"లేదండీ."

"అనవసరంగా కుండీ సంగతి చెప్పానే" అన్నాడు. తర్వాత దగ్గరికొచ్చి కూర్చుని, "ముక్కు ఉన్నంతకాలం పడిశం ఉంటుందంటారు. పడిశం పోయి ముక్కు కూడా పోవడం ఎక్కడా వినలేదు. పద, రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

ముక్కు, చెవుల డాక్టరు సన్నటి గొట్టంతో లోపలంతా చూశాడు. "జ్వరం పోతూ పోతూ వాసన మోసే లోపలి నరాల తీగలు పాడుచేసింది. మళ్ళీ పెరుగుతాయి" అన్నాడు.

"ఎప్పటికి?" అంది ఆవిడ.

"చెప్పలేనమ్మా. కొందరికి తొందరగా వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది. కొందరికి..." అంటూ ఆగి, "మీకు వస్తుంది లెండి" అన్నాడు. రోజూ నిమ్మతొక్క, లవంగం, గులాబీ, నీలగిరి తైలం వాసన చూడమన్నాడు. రాకపోయినా చూడమన్నాడు. వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ చూడమన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకుని గుర్తుతెచ్చుకోబోతే, ఆవిడకి నిమ్మపండు రంగు గుర్తొచ్చేది, పులుపుకి పళ్ళు జివ్వుమనడం గుర్తొచ్చేది. వాసన మాత్రం గుర్తొచ్చేది కాదు. మనిషి పేరు నాలుక చివరదాకా వచ్చి ఆగిపోయినట్టు. పొగ టీ అంటే చలిమంట అనే మాట గుర్తొచ్చేది. మాటే, వాసన కాదు. తను ఇన్నేళ్ళు నిజంగా వాసనే చూసిందా, లేక మాటలు చెప్పుకుందా అని కూడా ఆవిడకి అనుమానం వచ్చింది.

కొన్ని నెలలు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున్నే కొట్టు తలుపు తీస్తుంటే పక్క లాండ్రీలోంచి ఆవిరి తెర ఒకటి వచ్చి మీద పడింది. తడి బట్టల వాసన! ఆవిడ చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. మళ్ళీ పీల్చింది. ఉంది. పల్చగా ఉన్నా ఉంది. లాండ్రీ అతను "ఏమైందక్కా?" అంటే, "ఏం లేదు, ఇస్త్రీ చేసుకో, ఇస్త్రీ చేసుకో" అంది, ఎక్కడలేని సంతోషంతో.

సరిగ్గా ఆ రోజే టీ ఏజెంటు కొత్త మల్లె టీ పెట్టె తెచ్చాడు. ఆ పంట కోసం ఆవిడ ఏడాదిగా చూస్తోంది. ముక్కు తిరిగొచ్చిన రోజే మల్లె టీ రావడం శుభమనుకుని తనే కత్తి తెచ్చి పెట్టె విప్పింది. లోపలి రేకు చింపి మొహం దగ్గరగా పెట్టుకుంది. వెంటనే దూరంగా తోసేసింది.

"ఇదేమిటి బాబాయిగారూ! కుళ్ళిపోయింది."

"కుళ్ళడమేమిటమ్మా? మొన్ననే దిగింది."

"కాలిన రబ్బరు వాసన. లోపల ఏదో చచ్చినట్టుంది కూడా."

ఏజెంటు గుప్పెడు ఆకు తీసి వాసన చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. నీళ్ళు పోయించుకుని తాగాడు. "నాకు బాగానే ఉందమ్మా. మంచి మల్లె."

"బాగుందా? ఇది బాగుందా? అయితే మీ ముక్కు పాడైంది బాబాయిగారూ. వయసు మీద పడింది మీకు." ఆవిడ గడియారాలాయన్ని కేకేసింది. "మీరు చెప్పండి. ఇది వాసనా, కంపా?"

గడియారాలాయన పెట్టెలోకి వంగి చూశాడు. అద్దాలక్కయ్య మొహం చూశాడు. ఏజెంటు మొహం చూశాడు. "కొంచెం... ఏదో ఉన్నట్టే ఉంది" అన్నాడు. పాపం ఆయనది ఎవరినీ నొప్పించని స్వభావం. పిల్లికి ఎలుక సాక్ష్యం దొరికింది.

ఏజెంటు ఇంక వాదించలేదు. పెట్టె మూసి తాడు కట్టుకుని భుజానికెత్తుకున్నాడు. గడప దాటుతూ ఒక్కసారి ఆగి, చూపుడు వేలితో తన ముక్కు తడుముకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కోబోతే సబ్బు కాలిన రబ్బరు వాసన కొట్టింది. ఉల్లిపాయలు వేయిస్తే కాలిన రబ్బరు. దిండు మీద తల పెడితే కాలిన రబ్బరు. మొగుడు పాలటీ పెట్టుకుంటే ఆవిడ వాకిట్లోకి పరుగెత్తింది. ముందు ఇంట్లో ఏదో కాలుతోందనుకుని ప్లగ్గులన్నీ పీకేయించింది. ఆయన స్క్రూడ్రైవరుతో గోడలోని తీగలు కూడా విప్పి చూశాడు. "అన్నీ శుభ్రంగా ఉన్నాయే" అంటుంటే ఆవిడ నెమ్మదిగా కూర్చుండిపోయింది. ప్రపంచమంతా ఒకేరోజు కుళ్ళిపోదు కదా. కుళ్ళింది మల్లె టీ కాదు. మరి లాండ్రీ ఆవిరి? అది నిజమా? లేక ఇంకేదో వాసన తడిబట్టల వేషం వేసుకుని వచ్చిందా? ఏ వాసన నమ్మాలి, ఏది నమ్మకూడదు? వాసన అసలు లేనప్పుడే నయమనిపించింది. అప్పుడు కనీసం ఏమీ లేదని తెలిసేది.

మర్నాడు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఏజెంటు ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంటూ ఆసుపత్రి హాల్లోకి అడుగుపెట్టేసరికి, గోడవార కుర్చీలో చేతిలో టోకెన్ బిళ్ళ పట్టుకుని ఏజెంటే కూర్చుని ఉన్నాడు.

"బాబాయిగారూ! మీరిక్కడేం చేస్తున్నారు?"

"నువ్వే అన్నావు కదమ్మా, నా ముక్కు పాడైందని. రాత్రంతా ఆలోచించాను. నిజమే అయ్యుంటుంది అనిపించింది. ఈ మధ్య మా ఇంట్లో కూడా మామిడిపండు వాసన తెలీలేదు నాకు."

"మామిడిపళ్ళు ఇప్పుడెక్కడివి? కాలం కాదు కదా."

"అదే కదా" అన్నాడాయన అయోమయంగా. "ఉన్నాయో లేవో కూడా తెలీలేదు."

ఆవిడ ఆయన పక్క కుర్చీలో కూలబడింది. "పాడైంది మీ ముక్కు కాదు. నాది" అని మొదటినుంచీ చెప్పింది. నిన్న అన్న మాటలకి చేతులు పట్టుకుంది. ఆయన మొదట తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మొహం ముడుచుకుంది. "నీ ముక్కు పాడైతే నాది బాగున్నట్టేనా? రెండూ పాడై ఉండొచ్చు కదా?" అన్నాడు.

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్ళారు. డాక్టరు ఆవిడతో, "మంచిదేనమ్మా, తీగలు పెరుగుతున్నాయి. అయితే ఒక్కోటి వెళ్ళవలసిన చోటికి కాకుండా ఇంకోచోటికి వెళ్ళి అతుక్కుంటోంది. కొన్నాళ్ళకి సర్దుకోవచ్చు" అన్నాడు. ఏజెంటుకి నాలుగు సీసాలు వాసన చూపించి, "మీ వయసుకి ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు. మెట్లు దిగుతూ ఏజెంటు రెండుసార్లు అడిగాడు. "అంటే బాగున్నట్టా, బాగాలేనట్టా?"

"ఆ పెట్టె మళ్ళీ తెచ్చెయ్యండి బాబాయిగారూ. నేను తీసుకుంటాను" అంది ఆవిడ.

ఆయన మెట్టు మీద ఆగిపోయాడు. "నిన్న సాయంత్రమే మేడమీద పూలకుండీల్లో పోసేశానమ్మా. కుళ్ళిన సరుకు ఎవరికి అమ్మను? మొక్కలైతే బాగానే ఉన్నాయి. కానీ మొక్కలకి ముక్కు లేదు కదా."

ఆ మల్లె టీ మంచిదో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దాన్ని వాసన చూసిన ముగ్గురిలో ఒకరి ముక్కు వంకర, ఒకరికి తన ముక్కు మీద నమ్మకం లేదు, మూడో ఆయన అసలు ఏమనుకున్నాడో ఆయనకే గుర్తులేదు.

ఇంటికొచ్చి డాక్టరు మాట చెబితే మొగుడికి మాత్రం చాలా తేలిగ్గా అర్థమైంది. "మూడు నొక్కితే ఐదో అంతస్తుకి పోతోందన్నమాట. నయమే. ఆగిపోయిన లిఫ్టు కంటే తప్పు అంతస్తుకి వెళ్ళే లిఫ్టు నయం. కరెంటుందని తెలుస్తుంది."

మర్నాడు ఆవిడ తోడికోడల్ని కూర్చోబెట్టుకుని నిజం చెప్పింది. అది చేస్తున్న పని కూడా ఆపలేదు.

"నాకు తెలుసక్కా."

"ఎప్పటినుంచి?"

"ఫినాయిల్ సీసా పట్టుకుని 'నీళ్ళు' అన్నావే, ఆ రోజునుంచీ."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"నువ్వు చెప్పలేదు కదా! నేనెలా చెప్పను?"

ఆ రోజునుంచి కొట్లో వాసన చూసే పని దానిదయింది. ముక్కు మంచిదే. మాటలే రావు. అద్దాలక్కయ్య అలవాటుపడిన మాటలు పువ్వు, పండు, తేనె, తడి మట్టి. తోడికోడలు అలా మాట్లాడదు. తెల్ల టీ వాసన చూసి "చంటిపిల్ల మాడు" అంది. ఒక పచ్చ టీకి "కొత్త చాప" అంది. ఊలాంగ్ వాసన చూసి చాలాసేపు ఆలోచించి, "మూల నిలబెట్టిన తడి గొడుగు" అంది.

"తడి గొడుగంటే మంచిదా, చెడ్డదా?"

"గొడుగు మంచిదే కదక్కా."

"వాసన సంగతి అడుగుతున్నానే!"

"అదే చెప్తున్నాను. చెడ్డ గొడుగు కాదు. ఇష్టమైన గొడుగు."

అద్దాలక్కయ్యకి ఏం చెయ్యాలో తోచలేదు. ఇష్టమైన గొడుగు అన్న మాట పట్టుకుని ఆకు ఎంతసేపు నానబెట్టాలి? కాస్త తగ్గించి నానబెట్టి ఇస్తే తోడికోడలు "ఇప్పుడు గొడుగు ఆరింది" అనేది. అలా ఆరిన గొడుగుకీ తడి గొడుగుకీ మధ్య ఎక్కడో పట్టుకునేవారు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు ఈ గోలంతా వినేవారు. ముక్కు సంగతి దాచాలని ఆవిడ అంత పాట్లు పడిందా, ఇద్దరి వాదులాటతో వారం తిరక్కుండానే వీధంతా తెలిసిపోయింది. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఒకరిద్దరు రావడం మానేశారు. అది ముక్కు సంగతి విన్నందుకో, వాళ్ళ వేరే కారణాలకో ఆవిడకి తెలియలేదు. మిగతావాళ్ళు వచ్చి, "ఒక తడి గొడుగు ఇవ్వండి" అనడం మొదలుపెట్టారు. నేనూ అలాగే అడుగుతాను.

గడియారాలాయన మాత్రం చాలా రోజులు ఇబ్బంది పడ్డాడు. చివరికి ఒకరోజు ఆవిడ పక్కన నిలబడి, "అమ్మా, ఒక మాట. పోయినేటి ఆకు ఇచ్చారట కదా నాకు ఒకసారి. అది నిజంగానే బాగుంది. మర్యాదకి అనలేదు" అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇది కూడా మర్యాదకే అంటున్నాడేమో తెలియలేదు. "సరేలెండి" అంది.

ముక్కు కొద్దికొద్దిగా సర్దుకుంటోంది. ముందు సబ్బు సబ్బులా అయింది. తర్వాత నిమ్మతొక్క వచ్చింది. మల్లె ఇంకా రబ్బరుగానే ఉంది. అన్నిటికంటే విచిత్రం పొగ టీ. అది తిరిగొచ్చింది గానీ మారిపోయి వచ్చింది. ఇప్పుడు దాన్లో చలిమంట లేదు. తియ్యగా, కాస్త తోలు వాసనతో ఇంకేదో ఉంది. బాగుంది. చాలా బాగుంది కూడా. కానీ పాత వాసన ఇంతకంటే బాగుండేదా, తక్కువా అని పోల్చి చూద్దామంటే పాతది గుర్తు లేదు. ఓడల వంటవాడిచ్చిన ఆ మొదటి డబ్బా టీ తనకి అంత నచ్చింది ఏం చూసి అని ఆవిడ ఇప్పుడు ఆలోచిస్తుంది. ఒక్కోసారి ఏడుపొస్తుందట. ఒక్కోసారి, ముసలితనంలో రెండోసారి పరిచయమైన మనిషిలా ఉందని నవ్వొస్తుందట. ఈ రెంటిలో ఏది అసలు భావమో తేల్చుకోలేకపోతున్నానంటుంది.

పోయిన వారం నేను కూర్చుని ఉండగా ఏజెంటు కొత్త శాంపిల్ పొట్లం తెచ్చాడు. ఏదో కొండ తోటలో మొదటిసారి చేసిన నల్ల టీ అట. ఇప్పుడాయన కూడా తన మాట తనే నమ్మడం మానేశాడు. మూడు కప్పుల్లో పోశారు. ముగ్గురూ చూశారు.

"నాకు బెల్లం తగులుతోంది" అన్నాడు ఏజెంటు. "తగులుతున్నట్టుంది."

"బెల్లమా? సైకిల్ సీటు" అంది తోడికోడలు.

అద్దాలక్కయ్య కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చింది. కప్పు తిప్పింది. ఇంకోసారి పీల్చింది. "నాకు ఆసుపత్రి వరండా" అంది.

"మరి పెట్టె పంపించనా, వద్దా?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా వైపు కూడా ఒక కప్పు జరిపారు. నేను తాగాను. వెచ్చగా ఉంది, వగరుగా ఉంది, వాసన ఉంది. ఏం వాసనో నాకూ తెలియలేదు.

"సగం పెట్టె పంపించండి బాబాయిగారూ" అంది చివరికి అద్దాలక్కయ్య, కప్పులు కడగడానికి లేస్తూ. "మిగతా సగం సంగతి తర్వాత చూద్దాం."